ఎడమకు ఒరిగిన పద్మిని

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడలకి కింద నీలం, పైన తెలుపు వేయించారు. రెండు రంగులూ కలిసే చోట, మనిషి కంటి ఎత్తున, గోడ పొడుగునా ఓ గీత. ఆ గీతకి ఎదురుగా మా పాత కారు, పద్మిని, నిలబడి ఉంటుంది. దసరాకి రెండు రోజుల ముందు బండి కడుగుతున్నాం. వాచ్‌మన్ పైపు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు, తల వాల్చి చూశాడు, నీళ్లు కట్టేశాడు.

"సార్, బండి ఎడమ దిక్కు ఒరిగింది."

"నేల వాలుగా ఉందిలే."

"నేలదైతే పక్క సార్ బండి గూడ ఒరగాలె గద సార్."

నోరు మూసుకుని నేనూ నాలుగడుగులు వెనక్కి వేశాను. గోడ మీద గీత తిన్నగా ఉంది. దాని కింద మా బండి టాపు మాత్రం తిన్నగా లేదు. మూడేళ్లుగా రోజూ ఆ బండి ఎక్కి దిగుతున్నవాణ్ణి నేను. కనిపెట్టినవాడు వాచ్‌మన్.

బండి నాన్నది. 1988లో కొన్నారు. ఆ ఫియట్ మోడల్ పేరు 1974 నుంచే పద్మిని అయినా, ఆయన చివరిదాకా 'ఫియట్' అనే అన్నారు. పేరు మారింది గానీ మనిషి మారలేదు అన్నట్టు మాట్లాడేవారు. స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు, 1089 సీసీ ఇంజన్, ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఆగితే నాకంటే దానికే ఎక్కువ చెమట. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అమ్ముతారా?" అని అడుగుతారు. ఆ మాటకి అమ్మ మొహం మాడుతుంది. కాబట్టి అమ్మం.

ఒరిగిందని తెలిశాక నేను చేసిన మొదటి పని తప్పుడు పని. ఇంటి దగ్గర్లో ఉన్న గ్యారేజీకి తోలుకెళ్లాను. అక్కడి కుర్రాడు ఎడమ మడ్‌గార్డ్ మీద రెండు చేతులూ ఆనించి రెండుసార్లు అదిమాడు. "షాకబ్జర్ పోయింది సార్. ముందువి రెండూ మార్చాలె." 5,600 రూపాయలు. మార్చారు. బండి గుంతల్లో కొంచెం మర్యాదగా నడవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి గోడ గీత కింద నిలబెడితే మళ్లీ అంతే ఒరిగి ఉంది, ఒక్క వీసం తేడా లేదు.

నాకు కోపం ఆ కుర్రాడి మీద కాదు. ఈ సంగతి నాకు తెలిసే ఉండాలి. షాకబ్జర్ బండిని మోయదు. మోసేది ముందు స్ప్రింగు, వెనక కమాన్ కట్ట, అంటే వంచిన ఇనుప పట్టీలు ఒకదానిమీదొకటి పేర్చి బిగించిన కట్ట. షాకబ్జర్ పని ఎగిరిన బండి మళ్లీ మళ్లీ ఎగరకుండా నిలకడకి తేవడం, అంతే. మా బండి నుంచి ఊడదీసిన పాతదాన్ని చేత్తో నొక్కితే ఎక్కడిదాకా నొక్కితే అక్కడే ఆగిపోయింది, తిరిగి పైకి రాలేదు. లోపల ఉన్నది ఉత్త నూనె. తన ఒంటిని తానే పైకి లేపుకోలేనిది దగ్గర దగ్గర తొమ్మిది క్వింటాళ్ల బండిని ఎత్తి పట్టుకుంటుందా? డబ్బులు కట్టి వచ్చాక ఇదంతా బాగా అర్థమైంది.

ఇంకో మాట. ఒరగడం వేరు, గుంజడం వేరు. స్టీరింగ్ వదిలేస్తే బండి ఓ పక్కకి పోతే దాన్ని గుంజడం అంటారు. అది టైర్లు, బ్రేకులు, అలైన్‌మెంట్ చూసుకోవాల్సిన రోగం. ఒరగడం ఎత్తు తేడా. ఒకటి ఇంకోదానికి దారితీయొచ్చు గానీ, "ఒరిగింది" అని చెప్పుకుంటే "అలైన్‌మెంట్ చేసేద్దాం" అనేవాడికి మన మాట చెవికెక్కలేదని అర్థం. నాకలాంటివాళ్లు ఇద్దరు తగిలారు.

ఆదివారం పొద్దున్నే కొలతలకి దిగాను. మా ఆవిడ కుట్టు మిషన్ డ్రాయర్లోంచి టేపు తీసుకున్నాను. ముందు నేల సంగతి తేల్చాలి, లేకపోతే వాచ్‌మన్ ముందు మళ్లీ పరువు పోతుంది. పక్క ప్లాట్‌లో ఇల్లు కడుతున్న మేస్త్రిని అడిగి లెవెల్ పైపు తెచ్చాను. నీళ్లు నింపిన ఆ సన్నటి పైపుకి మించిన పనిముట్టు నేనింతవరకు చూడలేదు. ఒక కొస నేను, ఒక కొస వాచ్‌మన్. బండి నిలబడే వెడల్పులో నేల 22 మిల్లీమీటర్లు పల్లం, నీళ్లు పోయే జాలీ వైపు. అయితే ఆ జాలీ బండికి కుడి వైపున ఉంది. అంటే నేల బండిని కుడికి వంచాలని చూస్తుంటే, అది ఎడమకి ఒరుగుతోంది! పక్కనున్న చదునైన చోటికి బండిని తోశాం. అక్కడ ఓసారి కొలిచి, బండిని మొహం అటుది ఇటు తిప్పి నిలబెట్టి మళ్లీ కొలిచాం. తిప్పినప్పుడు తేడా కూడా పక్క మారిస్తే తప్పు నేలది. మారకుండా బండితో పాటే తిరిగితే తప్పు బండిది. మారలేదు.

టైర్లలో గాలి చూశాను. వెనక ఎడమది నాలుగు పాయింట్లు తక్కువ. పట్టించాను. డిక్కీ ఖాళీ చేశాను. అందులో ఎడమ మూల నాన్న పనిముట్ల పెట్టె ఉంటుంది, ఆయన పెట్టిన చోటే. బాత్రూమ్ తూకం మీద పెడితే 14 కిలోలు. దాన్ని తీస్తే వెనక ఎడమ మూల 2 మిల్లీమీటర్లు లేచింది. నాన్నకి దీంతో సంబంధం లేదని తేలినందుకు కాస్త ఊరట.

కొలతలు నేల నుంచి తీయకూడదు, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచుదాకా తీయాలి. అప్పుడు టైరు అరుగుదల, గాలి తేడా లెక్కలోకి రావు. ప్రతి కొలతకీ ముందు బండిని నాలుగైదుసార్లు అదిమి, ఓ గజం ముందుకీ వెనక్కీ తోయాలి. కమాన్ పట్టీలు ఒకదానిమీదొకటి రాసుకుంటూ ఎక్కడో ఓ చోట పట్టేసుకుని కూర్చుంటాయి, అలా చేస్తే తప్ప అసలు ఎత్తుకి రావు. మా బండికి ఇంకో చిక్కుంది. 1997లో కోఠి దగ్గర ఓ లారీ రాసుకుపోతే ముందు ఎడమ మడ్‌గార్డ్ మార్చాం. టింకరింగ్ చేసినాయన పనితనం ఎంతో ఎవరికి తెలుసు? అందుకని తలుపుల కింద ఉండే రేకు అంచు నుంచి నేలకి కూడా కొలిచి సరిచూసుకున్నాను.

లెక్క తేలింది. ముందు, ఎడమ వైపు 15 మిల్లీమీటర్లు తక్కువ. వెనక, ఎడమ వైపు 16 తక్కువ.

ఆ రెండు అంకెల్ని కాగితం మీద రాసుకుని అరగంట కూర్చున్నాను. రోగం ముందు ఉంటే ముందే ఎక్కువ ఒరగాలి, వెనక ఉంటే వెనకే ఎక్కువ ఒరగాలి అనుకున్నాను ముందు. కాదు. బండి బాడీ ఒకే గట్టి డబ్బా. తలుపు చెక్కలా దాన్ని మెలి తిప్పలేం. వెనక ఎడమ మూల కుంగితే అది ముందు ఎడమ మూలని కూడా కిందికి లాక్కుపోతుంది, ముందు కుడిని పైకి లేపుతుంది. ముందు ఎడమ స్ప్రింగు చచ్చుపడినా దాదాపు ఇవే అంకెలు వస్తాయి. ముందూ వెనకా తేడా ఒకేలా ఉండటం వింతేం కాదు, అలాగే ఉండాలి. అంటే ఇంత కొలిచీ నాకు తెలిసింది వాచ్‌మన్ చెప్పిన ముక్కే: ఎడమ దిక్కు ఒరిగింది.

మంచం కాలు ఒకటి పొట్టిదైతే ఏది పొట్టిదో కూర్చుని చూస్తే తెలియదు. ఎదురు మూలలు రెండూ ఊగుతాయి. పొయ్యికి మూడే రాళ్లు పెడతారు. మూడు రాళ్ల పొయ్యి ఊగదు, ఏ రాయి కుంగితే ఆ రాయి దొరికిపోతుంది. బండిని కూడా మూడు కాళ్ల మీదకి తేవాలి. కానీ ఎలా?

మల్కాజిగిరి రైల్వే లైను పక్కన, వేపచెట్టు కింద రేకుల షెడ్డులో ఓ ఉస్తాద్ ఉన్నాడు. డెబ్భై దాటాయి. నాన్ననీ, నాన్న బండినీ ఎరిగున్నవాడు. ఇన్నాళ్లూ ఆయన దగ్గరికి ఎందుకు పోలేదంటే, ఆయన పని మెల్లగా చేస్తాడు. నేనేమో బిజీ మనిషిని. కాగితం చూపించాను. ఆయన కాగితం చూడలేదు.

"పెద్ద సార్ ఫియట్ కదా. ముందు మూతి లేపుదాం."

ట్రాలీ జాక్ తెచ్చి ముందు క్రాస్‌మెంబర్, అంటే బండి కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం, నట్టనడుమ పెట్టాడు, మధ్యలో చెయ్యంత చెక్క ముక్క. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాడు. ముందు టైర్లు నేలని వదిలేంత మటుకే లేపాడు, అరచేయి దూరేంత. "కిందికెవ్వరు పోవద్దు" అని షెడ్డులో కుర్రాళ్లని గద్దించాడు. ఇప్పుడు బండి ముందు భాగం ఒక్క చోట మీద ఆగి ఉంది, అటో ఇటో ఒరగడానికి దానికి అడ్డు లేదు. ఇంక ఎంత ఒరిగినా అది వెనక కమాన్ల పుణ్యమే. వెనక కొలిచాను. 16 ఉన్నది 37 అయింది.

రోగం వెనక! నేను గంతేశాను. ఆయన గంతెయ్యలేదు. "వెనక గూడ లేపి చూడాలె సాబ్, సగం పని చేసుడు మంచిగుండదు."

జాక్ తీసి వెనక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ గుండు కింద పెట్టాడు. ఈసారి రాళ్లు ముందు చక్రాలకి. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే కాబట్టి, అవి గాల్లో ఉంటే దాన్ని నమ్ముకోవడానికి లేదు. వెనక టైర్లు లేచాయి. ముందు స్ప్రింగుల్లో తప్పు లేకపోతే ముందు తేడా సున్నాకి రావాలి. కొలిచాను. మళ్లీ కొలిచాను. టేపు ఉస్తాద్ చేతికిచ్చి కొలవమన్నాను. ముందు ఎడమ వైపు 9 మిల్లీమీటర్లు ఎత్తు. తక్కువ కాదు, ఎత్తు.

ఆయన నవ్వాడు. టార్చి పట్టుకుని ఎడమ చక్రం వెనక నుంచి లోపలికి వంగి చూశాడు. నన్నూ చూడమన్నాడు. స్ప్రింగు చుట్ల మధ్యలో, మట్టి పట్టి స్ప్రింగు రంగులోనే కలిసిపోయిన ఓ రబ్బరు ముద్ద. వేలితో గీస్తే కింద నల్లగా మెరిసింది.

"ఇదెవరు పెట్టిండ్రు?"

నేను పెట్టించుకున్నదే. మూడేళ్ల కిందట అమ్మ ఎడమ వైపు తలుపు తీస్తే ఫుట్‌పాత్‌కి తగులుతోందని ఒక చోట ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రం తెచ్చిచ్చారు. "స్ప్రింగు సెట్ చేశాం" అని 1,800 తీసుకున్నారు. తలుపు తగలడం ఆగింది. బాగైందనుకున్నాను. వెనక కుంగిన దానికి ముందు ఎత్తు పెట్టి, రోగాన్ని కనపడకుండా చేశారు. కాలు బెణికినవాడికి ఇంకో కాలికి ఎత్తు మడమ చెప్పు తొడిగినట్టు. ఆ తర్వాత మూడేళ్లలో వెనక ఇంకా కుంగింది, అప్పుడు వాచ్‌మన్ కంటబడింది.

దీనివల్ల జరిగింది ఒరగడం ఒక్కటే కాదు. ముందు ఎడమ లేచి, వెనక ఎడమ చచ్చుబడితే, బండి బరువు ముందు ఎడమ, వెనక కుడి చక్రాల మీద పడుతుంది. ముందు కుడి, వెనక ఎడమ తేలికవుతాయి. వానాకాలం తార్నాక దిగుడులో బ్రేక్ వేస్తే ముందు కుడి చక్రం ఉట్టినే జారేది. టైరు అరిగిందేమో అని కొత్త టైరు వేయించాను. ఆ టైరు ఖర్చు కూడా ఈ రబ్బరు ముక్క ఖాతాలోనే రాసుకోవాలి.

ఉస్తాద్ కమాన్ పని చేయడు. ఆటోనగర్ పొమ్మన్నాడు. ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్ మీదుగా నలభై దాటకుండా వనస్థలిపురం దాకా తోలాను. వెనకాల హారన్లు కొట్టినవాళ్లందరికీ క్షమాపణలు. ఆటోనగర్‌లో లారీల మధ్య మా బండి, పెళ్లి పందిట్లో తప్పిపోయిన పిల్లలా ఉంది. లారీ కమాన్ కట్టలు చూసిన కంటికి మావి చీపురు పుల్లలు. కమాన్ మేస్త్రి కూడా అదే అన్నాడు, "ఇంత సన్నవి చేసి చాన దినాలైంది."

ఎడమ కట్ట ఊడదీయడం మొదలుపెట్టారు. పైకి ఏ పట్టీ విరిగినట్టు కనిపించలేదు. కట్టని ఇరుసుకి బిగించే యు బోల్టులు తీసి, ప్లేటు కొట్టి, పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు విప్పాక పట్టీలు ఒక్కొక్కటీ విడివడ్డాయి. పై నుంచి రెండో పట్టీ రెండు ముక్కలుగా చేతికొచ్చింది. సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర. అన్నిటికంటే బలహీనమైన చోటు అదే, పైగా ప్లేటు కింద నీళ్లు, మట్టి చేరి ఆరని చోటు. మేస్త్రి విరిగిన మొహాన్ని గుడ్డతో తుడిచి వెలుగుకి పట్టాడు. ముప్పావు వంతు ముదురు గోధుమ రంగు, పాత తుప్పు. అంచున గోరు వెడల్పు మాత్రం కొత్త ఇనుములా తళతళ. పగులు ఏళ్ల తరబడి మెల్లగా పాకుతూ వచ్చిందన్నమాట, ఆ తళతళ మాత్రం మొన్నమొన్నటిది. బిగించిన ప్లేటే రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. "పెద్ద పట్టీ అయితే ఇక్కడిదాక రాకపోదురు" అన్నాడు. పెద్ద పట్టీయే ఇరుసుని దాని చోట నిలబెట్టేది.

ఎడమది చాలు అన్నాను. వద్దన్నాడు. కుడిది కూడా విప్పించి, దాన్ని నేల మీద పక్కకి పడుకోబెట్టి సుద్దముక్కతో దాని వంపు గీశాడు. ఎడమ కట్టని ఆ గీత మీద పెట్టాడు. రెండు కొసల దగ్గరా వేలు దూరేంత తేడా. తర్వాత కుడి గీత పక్కనే ఇంకో గీత గీశాడు, కొత్త కట్ట ఎలా ఉండాలో ఆయన కంటికి తెలిసిన వంపు. కుడిది కూడా దానికి అందలేదు. ముప్పై అయిదేళ్లు మోసింది మరి. రెండిటికీ రెండో పట్టీలు కొత్తవి కోసి, మిగతావి సుత్తితో కొట్టి కొట్టి సుద్ద గీతకి తెచ్చాడు. ప్రతి నాలుగు దెబ్బలకీ ఓసారి గీత మీద పెట్టి చూడటం, మళ్లీ కొట్టడం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా అదే పని. టేపు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూశారు.

బిగించేటప్పుడు ఓ సంగతి నేర్చుకున్నాను. కుర్రాడు జాక్ మీద బండి వేలాడుతుండగానే కట్ట కొసని బండికి తగిలించే షాకిల్ నట్లు గట్టిగా బిగించబోతే మేస్త్రి కేకేశాడు. లోపల రబ్బరు బుష్‌లు, గొట్టం ముక్కల్లాంటివి, ఉంటాయి. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే పట్టుకుంటుంది. బండి దించగానే మెలిపడి, తిరిగి పాత కోణానికి తోస్తూ ఉంటుంది. ఒక పక్క అలా, ఒక పక్క ఇలా బిగిస్తే కొత్త కమాన్లతో కూడా బండి ఒరుగుతుంది, ఆ బుష్‌లు కూడా తొందరగా చిరుగుతాయి. నట్లు వదులుగా పెట్టి, బండి దించి, అదిమి, నలుగురిని వెనక సీట్లో కూర్చోబెట్టి అప్పుడు బిగించారు. ఆ నలుగురిలో ఇద్దరు లారీ డ్రైవర్లు, ఊరికే చూద్దామని వచ్చినవాళ్లు. మొత్తం 6,200 అయింది. వారం తిరిగాక యు బోల్టులు మళ్లీ ఓసారి బిగించుకోమన్నాడు.

మర్నాడు ఉస్తాద్ దగ్గరికి పోయి ముందు స్ప్రింగులోంచి రబ్బరు తీయించాను. సబ్బు నీళ్లు కొట్టి, పానా మొనతో పెకలిస్తే 'టప్'మని ఎగిరి వేపచెట్టు మొదట్లో పడింది. ఆయన డబ్బులు తీసుకోలేదు. నేను మా బావమరిది మారుతీ 800 గురించి అడిగాను. అది కుడి ముందు కుంగి ఉంది, స్ప్రింగు చూస్తే బాగానే కనిపిస్తోంది. "కింద గిన్నె లోపల చూసిండ్రా?" అన్నాడు. మేం చూడలేదు. సాయంత్రం చూస్తే స్ప్రింగు అడుగు చుట్టు ముక్క తెగి, స్ప్రింగు ఆనే ఆ గిన్నెలోనే కూర్చుని ఉంది. తీసుకుపోయి చూపిద్దామని దాన్ని కాగితంలో చుట్టి పెట్టాను.

ఆదివారం మళ్లీ టేపు, మళ్లీ వాచ్‌మన్. ముందు 2, వెనక 3 మిల్లీమీటర్లు తేడా, ఎడమే తక్కువ. బండి పాతది, టేపు మా ఆవిడది, చాలు. పనిముట్ల పెట్టె తిరిగి డిక్కీలో ఎడమ మూల పెట్టాను. బండిని గోడ గీత ముందు నిలబెట్టాం. వాచ్‌మన్ నాలుగడుగులు వెనక్కి వేసి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు మంచిగుంది సార్. గోడ మీద గీతనే జర వంకర ఉన్నట్టుంది."

లెవెల్ పైపు మేస్త్రికి అప్పటికే తిరిగిచ్చేశాను, కాబట్టి ఆ గొడవ పెట్టుకోలేదు. స్ప్రింగులోంచి తీసిన రబ్బరు ముద్ద మాత్రం పారెయ్యలేదు. తిరిగేటప్పుడు మా వాషింగ్ మెషీన్ వంటింటి గోడని కొడుతూ ఉంటుంది. ప్రస్తుతానికి దాని ఎడమ కాలు కింద పెట్టాను.